క్లో ద వూజో కన్నా మామూలు బుర్గోన్ ఎందుకు బాగుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ బావగారు పారిస్ ఎయిర్‌పోర్టులో రెండు సీసాల క్లో ద వూజో 2021 వైన్ కొని తెచ్చారు, ఒక్కోటి 190 యూరోలు. ఒకటి తెరిస్తే రంగు పలచగా ఉంది, పుల్లగా ఉంది, మింగాక నాలుక మీద వగరు మిగిలింది. అదే రాత్రి మీ ఫ్రెండ్ తెచ్చిన 24 యూరోల మామూలు బుర్గోన్ 2020 (ఏ ఊరి పేరూ లేకుండా ప్రాంతం పేరుతోనే వచ్చే వైన్) మాత్రం అందరికీ నచ్చింది. రెండూ ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంవే, రెండూ పినో న్వార్ ద్రాక్షే, మరి అక్కడి అత్యున్నత హోదా అయిన గ్రాన్ క్రూ అని రాసి ఉన్నది ఎందుకు తేలిపోయింది, మోసపోయామా, అక్కడి నేల గొప్పతనమంతా కట్టుకథేనా, మిగిలిన సీసాని ఏం చేయాలి అని అడిగారు.

మోసం జరగలేదు. నేల గురించి చెప్పేది కట్టుకథా కాదు. మీ సీసా విషయంలో మూడు సంగతులు ఒకేసారి కలిశాయి: అది చలికి దెబ్బతిన్న సంవత్సరం, ఇంకా తాగే వయసు రాలేదు, పైగా క్లో ద వూజో అన్న ఒక్క పేరు కింద చాలా తేడా ఉన్న నేలలూ చాలామంది యజమానులూ ఉన్నారు. హైదరాబాద్‌లో ఏ నెలలో, ఎంత వేడిలో తాగారో మీరు రాయలేదు, అది నాలుగో కారణం కావచ్చు. దాని సంగతి చివర్లో చెప్తాను.

నేను చదువు కోసం బర్గండీలోని దిజోన్ వచ్చి, ఆ తర్వాత బోన్ చుట్టుపక్కల తోటల్లో, సెల్లార్లలో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. వైన్ మీద ప్రేమతో కాదు, ద్రాక్ష మీద ప్రేమతో వచ్చాను. మా మేనమామకు రంగారెడ్డి జిల్లాలో అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్ష పందిరి తోట ఉండేది, సెలవుల్లో నేను ఆ పందిరి కిందే పెరిగాను. అందుకే ఇక్కడి తోటని మొదటిసారి చూసినప్పుడు నమ్మలేకపోయాను. మా మామ తోటలో ఒక్క తీగ పందిరంతా పాకి గుత్తులు దించేది. ఇక్కడ మొక్క నా నడుము దాకా కూడా లేదు, మీటరుకొకటి చొప్పున, హెక్టారుకు పదివేల మొక్కలు, ఒక్కో మొక్కకి నా పిడికిలంత గుత్తులు ఆరో ఏడో.

గ్రాన్ క్రూ ఎర్ర వైన్‌కి చట్టం ఒప్పుకునే దిగుబడి హెక్టారుకు 35 హెక్టోలీటర్లకు కాస్త అటూ ఇటూ. లెక్క వేసి చూడండి, ఒక్కో మొక్కకి మూడొందల యాభై మిల్లీలీటర్లు, అంటే ఒక సీసా నిండాలంటే రెండు మొక్కల ఏడాది కష్టం కావాలి. ధర గురించి మాట్లాడే ముందు ఈ లెక్క మనసులో పెట్టుకోండి.

గోడ లోపల ఏముంది

మీ సీసా మీద ఉన్న ‘క్లో’ అంటే గోడ కట్టిన తోట. సీతో మఠం 1098లో మొదలైంది. ఆ మఠం సన్యాసులు తర్వాతి శతాబ్దంలో వూజో దగ్గర దానంగా వచ్చినవీ కొన్నవీ ముక్కలు ముక్కలుగా కలుపుకుంటూ పోయి, 1336 నాటికి చుట్టూ గోడ పూర్తి చేశారు. ఆ గోడ ఇప్పటికీ ఉంది. లోపల సుమారు 50 హెక్టార్లు, మన లెక్కలో నూట పాతిక ఎకరాలు. ఫ్రెంచ్ విప్లవంలో మఠాల ఆస్తులు జప్తు చేసి 1791లో వేలం వేశారు. ఆ తర్వాత కూడా చాలాకాలం తోట మొత్తం ఒక్కరి చేతిలోనే ఉండేది. 1889లో మొదటిసారి ముక్కలైంది. అక్కడి నుంచి మనకి బాగా తెలిసిన కథే: నెపోలియన్ తెచ్చిన చట్టం ప్రకారం పిల్లలందరికీ సమాన వాటా, తరానికొకసారి పంపకాలు. ఇప్పుడు ఆ నూట పాతిక ఎకరాల్లో దాదాపు 80 మంది యజమానులు ఉన్నారు. కొందరికి ఉన్నవి కొన్ని వరసలే. ఆ పండుతో రెండు పీపాలు కూడా నిండవు (ఇక్కడి పీపా 228 లీటర్లు, సుమారు 300 సీసాలు).

అందరి సీసా మీదా ఒకటే పేరు, ఒకటే గ్రాన్ క్రూ హోదా.

అయితే ఆ గోడ లోపలి నేల ఒకటే కాదు. పడమటి వైపు, పాత కోట ఉన్న పై భాగంలో మట్టి పలచన, మోకాలి లోతు తవ్వకముందే సున్నపురాయి తగులుతుంది. మధ్యలో రాయి, బంకమట్టి కలిసి ఉంటాయి. కింద, పాత హైవే పక్కన, నేల దాదాపు బల్లపరుపు, పైనుంచి శతాబ్దాలుగా కొట్టుకొచ్చిన మట్టి లోతుగా పేరుకుని ఉంటుంది. సన్యాసులు మూడు భాగాలనీ వేరువేరుగా వైన్ చేసేవారని, కొన్నిసార్లు కలిపేవారని ఇక్కడ కథగా చెప్పుకుంటారు. అది ఎంతవరకు నిజమైనా, పైదానికీ కిందదానికీ తేడా మాత్రం ఎవరూ కాదనరు.

నాకు ఆ తేడా పుస్తకాల్లో తెలియలేదు, బూట్లతో తెలిసింది. ఒక సెప్టెంబరులో రాత్రంతా వాన పడింది, పొద్దున్నే కోతకి దిగాం. మేం కోస్తున్న యజమానికి అక్కడ రెండు ముక్కలున్నాయి, ఒకటి పైన, ఒకటి రోడ్డు దగ్గర. కింది వరసల్లో పది అడుగులు వేసేసరికి ఒక్కో బూటుకి కిలో బంకమట్టి, కాలు ఎత్తి పెట్టడమే ఒక పని. గుత్తుల కింద ఆకులు ఇంకా తడి, లోపలి పళ్లు కొన్ని బూడిద రంగు బూజు పట్టి మెత్తబడ్డాయి, ఒక్కో గుత్తినీ తిప్పి చూసి, కత్తెర మొనతో చెడినవి గీకి పారేసి, మిగిలింది బుట్టలో వేస్తున్నాం. పదకొండుకి పైముక్కకి వెళ్లాం. అదే వాన, అదే రాత్రి. అక్కడ కాలి కింద రాళ్లు కరకరమంటున్నాయి, నేల అప్పటికే ఆరిపోయింది, కాయ చిన్నది, తోలు గట్టిగా ఉంది, బూజు వెతికితే గానీ కనిపించలేదు. రెండు చోట్ల మధ్య దూరం నడిస్తే పది నిమిషాలు ఉండదు.

ఆ యజమాని రెండూ కలిపి ఒకే వైన్ చేశాడు. ఇంకో యజమానికి కింది ముక్క ఒక్కటే ఉండి ఉంటే, అతని సీసా కూడా గ్రాన్ క్రూ క్లో ద వూజోనే. మీరు పెట్టిన సీసా ఫొటోలో లేబుల్ కింది భాగం కనిపించడం లేదు. ఉత్పత్తిదారు పేరు ఎవరిదో చూడండి. బర్గండీలో ముందు చదవాల్సింది ఆ చిన్న అక్షరాల పేరే, పెద్ద అక్షరాల ఊరి పేరు తర్వాత. క్లో ద వూజో విషయంలో ఇది రెట్టింపు నిజం. కింది భాగం వాళ్లందరూ చెడ్డ వైన్ చేస్తారని కాదు, నీళ్లు పోవడానికి కాలువలు తీసి, కాయ తగ్గించి, ఏరి కోసి చాలా మంచి వైన్ చేసేవాళ్లు నాకు తెలుసు. కానీ వాళ్లు రెండింతలు కష్టపడాలి, ఆ కష్టం అందరూ పడరు.

వాలు చేసే పని

‘నేల గొప్పతనం’ అనగానే చాలామంది రాయి రుచి వేరులోకి ఎక్కి వైన్‌లోకి వస్తుందనుకుంటారు. అలా రాదు. సున్నపురాయిని వేరు పీల్చి గ్లాసులో పెట్టదు. నేల చేసేది ముఖ్యంగా నీళ్ల పని, వేడి పని.

కోత్ దోర్ అంటే దిజోన్ దక్షిణం నుంచి సాంతెనే దాటేదాకా సుమారు 50 కిలోమీటర్ల పొడవున్న ఒక సన్నటి కొండ అంచు. చాలాచోట్ల రోడ్డు నుంచి పైన అడవి దాకా అరగంటలో ఎక్కేయొచ్చు. ఎక్కువ భాగం తూర్పుకో ఆగ్నేయానికో తిరిగి ఉంటుంది. పొద్దున ఎండ ముందు ఇక్కడే పడుతుంది, రాత్రి మంచు తొందరగా ఆరుతుంది, ఆరితే బూజు తక్కువ. కొండ నెత్తి మీది అడవి పడమటి గాలిని కొంత ఆపుతుంది. జురాసిక్ కాలపు సున్నపురాయికి పగుళ్లు ఎక్కువ, ఎక్కువైన నీళ్లు దిగిపోతాయి. దానితో కలిసిన బంకమట్టి ఎండాకాలంలో మొక్క చచ్చిపోకుండా కాస్త తేమ పట్టి ఉంచుతుంది.

ఇది సరిగ్గా కుదిరేది వాలు నడుమ. మరీ పైన మట్టి లేదు, చలి ఎక్కువ, కాయ ఆలస్యంగా పండుతుంది. మరీ కింద మట్టి ఎక్కువ, నీళ్లెక్కువ, మొక్క ఆకులు వేసుకుంటూ పోతుంది, కాయ ఉబ్బుతుంది, రసం పలచనవుతుంది. నడుమ మాత్రం జులై చివరికి వచ్చేసరికి మొక్కకి నీళ్లు కొద్దిగా కరువవుతాయి, కొత్త కొమ్మ వేయడం ఆపేసి ఉన్న కాయనే పండించుకుంటుంది. గ్రాన్ క్రూలు ఎక్కువగా సముద్రమట్టానికి 250 నుంచి 300 మీటర్ల మధ్య ఆ నడుం పట్టీలోనే ఉన్నాయి, రెండో హోదా అయిన ప్రిమియే క్రూలు దానికి పైనా కిందా, ఊరి పేరుతో వచ్చేవి ఇంకాస్త కింద, హైవే దాటాక ఎక్కువగా మామూలు బుర్గోన్. జెవ్రే అనే ఊరి దగ్గర రోడ్డు మీద నిలబడి పైకి చూస్తే ఆ మెట్లన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి.

మా మామ తోటలో ఈ లెక్కలేవీ లేవు. హైదరాబాద్ వేడికి ద్రాక్షతీగ నిద్రపోదు, ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఎప్పుడు పండాలో మనిషే చెప్తాడు. ఇక్కడ 47 డిగ్రీల ఉత్తర అక్షాంశం, శీతాకాలమంతా మొక్క ఎండుపుల్లలా ఉంటుంది, ఏప్రిల్‌లో లేచి సెప్టెంబరులోపు పండాలి. పినో న్వార్ పలుచటి తోలు ఉన్న రకం, తొందరగా పండే రకం, మరీ వేడి చోట పెడితే పండు ఉడికిన వాసనొచ్చి దాని సొగసు పోతుంది. పండీ పండక అంచున పండే చోటే దానికి ఇష్టం. అందుకే కొన్ని గజాల తేడా, రెండు డిగ్రీల తేడా కూడా రుచిలో తెలుస్తుంది. 1395లోనే ఇక్కడి డ్యూక్ ఫిలిప్ లె హార్ది బాగా కాసే గమే రకాన్ని పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు, కాపు ఎక్కువ, నాణ్యత తక్కువ అని. అప్పటి నుంచి ఎర్రదంటే ఇక్కడ పినోనే, తెల్లదంటే ఎక్కువగా షార్డొనే. రకం మారదు కాబట్టి తేడా అంతా చోటుదే. ఆ చోట్లకి ‘క్లిమా’ అని పేరు. గట్టు దాటితే ఇంకో క్లిమా, మన ఊళ్లలో పొలానికో పేరు పెట్టి పిలుచుకున్నట్టే. ఇలాంటివి 1,247 లెక్కకు వచ్చాయి, 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

ఇక 2021 సంగతి

మీ సీసాని అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతీసింది ఇదే అని నా నమ్మకం. ఆ ఏడు మార్చి చివర్లో చొక్కాతో తిరిగేంత వేడి వచ్చింది, మొగ్గలు ముందే ఉబ్బాయి. ఏప్రిల్ 6, 7, 8 రాత్రులు ఉష్ణోగ్రత సున్నా కిందికి పడిపోయింది, మధ్యలో మంచు కూడా కురిసింది.

ఆ రాత్రులు నేను తోటలోనే ఉన్నాను. వరసల మధ్య మైనం డబ్బాలు పెడతారు, పెయింటు డబ్బా అంత ఉంటుంది ఒక్కోటి, హెక్టారుకు మూడు నాలుగు వందలు. థర్మామీటరు సున్నాకి దగ్గర పడగానే అందరం వంగి ఒక్కొక్కటీ వెలిగించుకుంటూ పోవాలి. తెల్లవారుజామున మూడింటికి కొండంతా దీపాలు పెట్టినట్టుంది, చూస్తే కార్తీక పౌర్ణమి గుర్తొచ్చింది, కానీ అక్కడ ఎవరూ మాట్లాడటం లేదు. నా చేతుల్లో మసి, మైనం వాసన, వేళ్లకి స్పర్శ లేదు. పొద్దున్నే యజమాని ఒక మొగ్గ తుంచి గోటితో చీల్చి చూపించాడు. లోపల పచ్చగా ఉండాల్సింది గోధుమ రంగుకి తిరిగింది. ఆయన ఏమీ అనలేదు, దాన్ని జేబులో వేసుకుని తర్వాతి వరసకి వెళ్లిపోయాడు. ముందుగా మొగ్గేసే షార్డొనే ఆ ఏడు చాలాచోట్ల సగానికి పైగా పోయింది, పినో కాస్త తట్టుకుంది.

(బర్గండీ ఉత్తరాన షబ్లీ వైపు కొందరు మొగ్గల మీద నీళ్లు చల్లుతారు. ఆ నీరు గడ్డకడుతూ వేడి వదులుతుంది, మొగ్గ మంచు గుల్లలో సున్నా దగ్గర భద్రంగా ఉంటుంది. వింటే తలకిందులుగా ఉంటుంది గానీ పని చేస్తుంది.)

ఆ తర్వాత వేసవి చల్లగా, వానలతో నడిచింది, ఆకు తెగులు పట్టింది, సెప్టెంబరులో కోశాం. కాయ తక్కువ, తీపి తక్కువ, పులుపు ఎక్కువ. చల్లటి ఏళ్లలో ఆల్కహాల్ కోసం పులిసే రసంలో కొంత పంచదార కలపడానికి ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది, 2021లో చాలామంది కలిపారు, దాన్ని నేను తప్పు పట్టను. దానికి తోడు గ్రాన్ క్రూ అనగానే కొందరు కొత్త ఓక్ పీపాలు ఎక్కువ వాడతారు. రసంలో బలం ఉన్న ఏడు అది కలిసిపోతుంది, 2021 లాంటి ఏడు చెక్క వగరు పైకి తేలుతుంది. మీరు చెప్పిన వగరు అదే అయ్యుండొచ్చు.

2020 దీనికి పూర్తిగా ఎదురు. ఎండ, పొడి, కోత ఆగస్టు మూడో వారానికే మొదలైంది. అలాంటి ఏడాది హైవే కింది మామూలు ముక్కలో కూడా పినో నల్లగా, తియ్యగా పండింది. కింది బంకమట్టి మామూలు ఏళ్లలో శాపం, ఎండ ఏళ్లలో అదే తేమ కాపాడే వరం. పైగా మామూలు బుర్గోన్ మూడు నాలుగేళ్లలో తాగడానికే చేస్తారు. సరిగ్గా దాని మంచి వయసులో మీ ఫ్రెండ్ తెరిచాడు. మీరు పోల్చింది గ్రాన్ క్రూనీ మామూలుదాన్నీ కాదు, పండని ఏడాది పసిబిడ్డనీ, పండిన ఏడాది యువకుణ్ణీ. అదే చేతి నుంచి, అదే సంవత్సరంవి పక్కపక్కన పెట్టి, పదేళ్ల తర్వాత తాగి ఉంటే ఫలితం వేరేలా ఉండేది. నేను అలా పోల్చాను, ఒకే సెల్లార్‌లో ఒకే యజమాని చేసినవి, మామూలుది అప్పటికి ఎండుటాకు వాసనకి వచ్చి అలసిపోయింది, గ్రాన్ క్రూ అప్పుడే నోరు విప్పింది.

రంగు పలచగా ఉందన్న అనుమానం మాత్రం పూర్తిగా వదిలేయండి. పినో తోలులోనే రంగు తక్కువ. గ్లాసు వెనక వేలు కనిపించడం ఇక్కడ లోపం కాదు.

వాతావరణం ఇలా ఊగుతుండటం కొత్త కాదు గానీ ఊపు ఒకవైపే పోతోంది. బోన్ ఊళ్లో 1354 నుంచి కోత తేదీల రికార్డు ఉంది. 1987 దాకా సగటున సెప్టెంబరు 28కి కోత మొదలయ్యేది, 1988 నుంచి 2018 వరకు చూస్తే సగటున 13 రోజులు ముందుకొచ్చింది. ఇది నాకు టెన్షన్ పెట్టే విషయం, ఎందుకంటే మొగ్గ కూడా ముందుకొస్తోంది, ఏప్రిల్ మంచు మాత్రం వచ్చినప్పుడు వస్తోంది. 2016లో చలి ఎప్పుడూ అంతగా తగలని మోంరాషే (తెల్ల వైన్‌కి పేరున్న గ్రాన్ క్రూ తోట) లాంటి చోట్లనీ వదల్లేదు. 2024లో వానలకి తెగులు పట్టి మళ్లీ కాపు పోయింది. పెట్టుబడి పెట్టుకోలేని చిన్న యజమానులకు రెండు చెడ్డ ఏళ్లు వరసగా వస్తే ముక్క అమ్ముకోవడమే, గ్రాన్ క్రూ నేల హెక్టారు ధర మిలియన్ల యూరోల్లో ఉన్నప్పుడు కొనేవాడు పక్క రైతు అయ్యే అవకాశం లేదు. నా కళ్ల ముందే రెండు కుటుంబాలు అలా వెళ్లిపోయాయి.

ఇందులో కొనేవాళ్లకి పనికొచ్చే మాట ఒకటుంది. ఒకప్పుడు ‘అక్కడ పండదు’ అని వదిలేసిన ఎత్తు ముక్కలు, కొండ వెనక ఓత్-కోత్ తోటలు, ఇప్పుడు చక్కగా పండుతున్నాయి, ధర ఇంకా పేరును బట్టే ఉంది.

ఈసారి కొనేటప్పుడు

190 యూరోలు చేతిలో ఉంటే ఎయిర్‌పోర్టులో ఒక్క గ్రాన్ క్రూ కొనొద్దు. అదే డబ్బుతో ఒక మంచి చేతి నుంచి నాలుగైదు సీసాలు వస్తాయి. దిజోన్ పక్కనే మార్సానే, బోన్ పక్కన సావిన్యీ, దక్షిణాన సాంతెనే, ఇంకా కిందికి పోతే జీవ్రీ, మెర్క్యురే, ఇవి నేను నా ఇంటికి కొనుక్కునే ఊళ్లు. తెల్లదైతే సాంతోబాన్, లేదా అలిగొతే రకానికే ప్రత్యేక హోదా ఉన్న బూజెరాన్.

లేబుల్ మీద ఒక చిక్కు చెప్పాలి, చాలామంది ఇక్కడే పడిపోతారు. షాంబెర్తాన్ అంటే గ్రాన్ క్రూ. జెవ్రే-షాంబెర్తాన్ అంటే ఊరు. జెవ్రే అనే ఊరు 1847లో తన దగ్గరి గొప్ప తోట పేరుని తన పేరుకి తగిలించుకుంది, తర్వాత మిగతా ఊళ్లూ అదే చేశాయి, ప్యులీన్యీకి మోంరాషే, వోన్‌కి రొమానే. ఇలా ఊరి పేరు ముందుండి, గీత తర్వాత తోట పేరు ఉంటే ఎక్కువగా అది ఊరి వైన్, ఊరి పేరు లేకుండా తోట పేరే ఉండి గ్రాన్ క్రూ అని రాసుంటే అది గ్రాన్ క్రూ. ధర చూస్తే ఎలాగూ తెలిసిపోతుంది గానీ, గిఫ్ట్‌గా వచ్చినప్పుడు ఇది తెలిసుంటే మంచిది.

రొమానే-కోంతి లాంటివి ఎందుకంత ధర అని మీ ప్రశ్న కింద ఇంకొకరు అడిగారు. ఆ తోట మొత్తం 1.8 హెక్టార్లు, నాలుగున్నర ఎకరాలు, ఏడాదికి ఐదారు వేల సీసాలు, యజమాని ఒక్క సంస్థే. దాని 1945 సీసా ఒకటి 2018లో న్యూయార్క్ వేలంలో 5,58,000 డాలర్లకు పోయింది. ఆ ఏడు 600 సీసాలే చేశారు, తర్వాత ముసలి మొక్కలు పీకేశారు, 1952 దాకా ఆ పేరుతో వైన్ రాలేదు. ఆ ధర రుచికి కాదు, కొరతకి. దాన్ని కొలమానంగా పెట్టుకుని బర్గండీని చూస్తే అసలైన బర్గండీ కనిపించదు.

మిగిలిన ఆ సీసా

ముందు మీ దగ్గర అది ఎక్కడుందో చూసుకోండి. వంటింటి అల్మరాలో ఉంటే ఈ రోజే తీయండి. నేను ఒకసారి ఇంటికి ఆరు సీసాల పెట్టె పంపాను, మే నెలలో, రవాణా వాళ్లు దాన్ని ఎక్కడో గోడౌన్‌లో పది రోజులు ఉంచేశారు. తెరిచి చూస్తే బిరడాలు గోరంత పైకి లేచి ఉన్నాయి, మూతి పక్కన జిగురు కారింది. ఆరూ ఉడికిన ప్లమ్ పండు వాసన వచ్చాయి. ఒక రైతు రెండేళ్ల పని అలా పోయింది, ఇప్పటికీ నాకు బాధే. మీ సీసా బిరడా మీద వేలు పెట్టి చూడండి, మూతి అంచుతో సమంగా ఉంటే ఫర్వాలేదు.

వైన్ ఫ్రిజ్ ఉంటే 13–14 డిగ్రీల దగ్గర, పడుకోబెట్టి, 2029 దాకా ముట్టుకోవద్దు. 2021 చాలా దీర్ఘకాలం నిలిచే ఏడు కాదు, అయినా క్లో ద వూజోకి ఆ మాత్రం సమయం కావాలి, పులుపూ చెక్కా అప్పటికి సర్దుకుంటాయి. వైన్ ఫ్రిజ్ లేకపోతే మాత్రం దాచొద్దు. మామూలు ఫ్రిజ్‌లో ఏళ్ల తరబడి పెట్టినా బిరడా ఎండిపోతుంది, అల్మరాలో అయితే ఒక్క హైదరాబాద్ ఎండాకాలం చాలు.

అప్పుడు ఇలా చేయండి. డిసెంబరులోనో జనవరిలోనో, తాగే ముందు ఫ్రిజ్‌లో పెట్టి 15–16 డిగ్రీలకు తీసుకురండి. మన గది వేడికి తాగితే ఏ పినో అయినా ఆల్కహాల్ వాసనే ముందు కొడుతుంది, పులుపు విడిగా తెలుస్తుంది. మీ మొదటి సీసాకి ఇదే జరిగిందేమో. కడుపు పెద్దగా ఉన్న గ్లాసులో మూడో వంతు పోసి, ఒక అరగంట కదపకుండా వదిలేయండి. కారం, చింతపండు ఉన్న కూరలు దీని పక్కన పెట్టొద్దు, అవి దీన్ని నోరెత్తనివ్వవు. మిరియాలు తక్కువేసి నేతిలో వేయించిన కోడి, లేదా పుట్టగొడుగుల వేపుడు పెట్టుకోండి. మొదటి గుక్కలో నచ్చకపోయినా గ్లాసు పక్కన పెట్టి గంట తర్వాత మళ్లీ చూడండి. ఉత్పత్తిదారు పేరు ఇక్కడ రాస్తే, వాళ్ల ముక్క గోడ లోపల పై భాగందో కింది భాగందో నాకు తెలిసినంతలో చెప్తాను.